దోనెలో ముగ్గురం

నేస్తం ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో నోటుపుస్తకాల కట్ట విప్పుతున్నాను. తెలియని నంబరు. ఎత్తగానే "నేస్తం, నేను," అంది అవతలి గొంతు. పేరు చెప్పలేదు. నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరి పేరు ఒకరు పలకకూడదని మా వైపు పట్టింపు. ఏడో తరగతిలో, ఎండాకాలం సెలవులకు ముందు, హాస్టల్ వెనక రేలపూలు మార్చుకుని మేమిద్దరం నేస్తం కట్టుకున్నాం. నన్ను ఆ మాటతో పిలిచే మనిషి ఒక్కతే ఉంది. గొంతు మారినా పిలుపును బట్టి పోల్చుకున్నాను.

"చెరువుల నీళ్లు తగ్గినయ్. చేపలు మంచిగ పడుతున్నయ్. ఆదివారం రా. నర్సును గూడ తోలుకరా," అంది.

సరే వస్తానన్నాను. ఆమె ఇంకేం చెప్పకుండా పెట్టేసింది. మా మధ్య మాట లేక పాతికేళ్లు దాటింది. అన్నేళ్ల తర్వాత మనిషి ఫోన్ చేసి చేపలు పడుతున్నాయి రమ్మంటే దాన్ని ఏమనుకోవాలో నాకు అర్థం కాలేదు. తిట్టడానికి పిలిచిందా, మరిచిపోయి పిలిచిందా, ఏదైనా అవసరం పడిందా? నోటుపుస్తకాలు మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ తప్పింది.

మా కథ కొంచెం చెప్పాలి. చింతలనార్‌లో మా నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. అక్కడ పై క్లాసులు లేక నన్ను కోంటలో హాస్టల్లో వేశారు. హాస్టల్లో ఉన్నవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల రైతుల పిల్లలు, నాలాంటి దుకాణదారుల పిల్లలు ఇద్దరు ముగ్గురు. నేస్తం దోర్ల తెగ పిల్ల, మరైగూడ అవతల ఊరు. మూడోది ఇప్పుడు కోంటలో నర్సు. ఆమె ఇంట్లో హల్బీ మాట్లాడతారు. మాతో పడుకుని, మాతో తిని, మాతో తన్నులు తిని తెలుగు నేర్చుకుంది. అప్పట్లో ఆమెకు డాక్టరు ఆట పిచ్చి ఉండబట్టి అప్పుడే నర్సు అనేవాళ్లం. నన్ను నేస్తం తప్ప అందరూ దుకాణం అనేవాళ్లు. నర్సు ఇప్పటికీ అలాగే అంటుంది.

పదో తరగతి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయనగా ఒక ఆదివారం మధ్యాహ్నం నేస్తం వెనక గోడ దూకి ఊరి బయట చెరువుకు చేపలకు పోయింది. నేను వరండాలో కూర్చుని తల దువ్వుకుంటున్నాను. హాస్టల్ మేడమ్ వచ్చి అది ఎక్కడ అని అడిగింది. "చెరువుకు పోయింది మేడమ్," అన్నాను. భయపడి చెప్పలేదు, పగబట్టి చెప్పలేదు. అడిగింది, చెప్పాను. రెండు రోజులకు నేస్తం వాళ్ల నాన్న వచ్చాడు. రేకు పెట్టె తీసుకుని ఇద్దరూ గేటు దాటిపోయారు. నేస్తం వెనక్కి తిరిగి చూడలేదు. పరీక్షలు రాయలేదు. చదువు అక్కడితో ఆగిపోయింది.

ఇదీ నాకు గుర్తున్నది. దీన్ని పాతికేళ్లు మోశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. జగదల్‌పూర్‌లో మాది పుస్తకాల దుకాణం. హాస్టల్ పిల్లలు పదో తరగతి గైడ్లకు వస్తే ఒక పెన్ను ఊరికే చేతిలో పెట్టేదాన్ని. ఎందుకిస్తున్నావని మా ఆయన అడిగితే ఊరికే అనేదాన్ని.

శనివారం బస్సెక్కి సాయంత్రానికి కోంటలో మా అన్న ఇంటికి చేరాను. మర్నాడు పొద్దున్నే నర్సు స్కూటీ మీద వచ్చింది. ఆమె వీపుకు గాలం కర్ర కట్టి ఉంది. వెదురు కర్ర కాదు. నల్లగా, సన్నగా, చక్రం బిగించి ఉన్న కర్ర.

"ఏందే ఇది?"

"ఫోన్ల తెప్పించిన. నువ్వు ఎక్కవే, ఎండ ముదురుతది."

నేస్తానికి నా నంబరు ఇచ్చింది నర్సేనట. పిల్లలకు సూదులు వేయడానికి ఆ ఊరు పోతే అక్కడ కనిపించిందట. "నా గురించి ఏమన్న అడిగిందా?" అన్నాను వెనక కూర్చుని. "నీ నంబరు అడిగింది," అంది నర్సు. "ఎట్ల అడిగింది? కోపంగానా?" "నంబరు ఎట్ల అడుగుతరే? నంబరు అడిగినట్టే అడిగింది."

దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి మా పేర్లు రాసుకున్నారు. ఎక్కడికని అడిగితే నర్సు హిందీలో చేపలు పట్టడానికి అంది. ఆ జవాను మా ఇద్దరినీ, ఆ చక్రం కర్రనీ మార్చి మార్చి చూశాడు. కర్రను చేతిలోకి తీసుకుని చక్రం తిప్పి, చప్పుడు విని, ఇంకోసారి తిప్పి ఇచ్చేశాడు. మరైగూడ దాటాక తారు రోడ్డు దిగి ఇప్పచెట్ల మధ్య మట్టి దారిలో పోయాం. చెట్ల కింద నేలంతా ఊడ్చి శుభ్రంగా ఉంది. అప్పటికే పొద్దుటి పువ్వంతా ఏరేశారు.

నేస్తం ఊరి మొదట్లో నిలబడి ఉంది. నా తలపులో ఆమె నాకంటే పొడుగు. చూస్తే నా చెవి దాకా వస్తుంది. తల ముందు భాగం నెరిసింది. పరిగెత్తుకొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ముఖం తిప్పుకుంటుందేమో అనుకున్నాను, అదీ లేదు. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని పైకీ కిందికీ చూసింది.

"బొద్దుగైనవ్ నేస్తం."

"నువ్వు పొట్టిగైనవ్."

"నేనెప్పుడూ ఇంతే," అంది.

అక్కడి నుంచే నాకు తికమక మొదలైంది.

ఇంటి ముందు చాప మీద ఇప్పపువ్వు ఎండుతోంది. వాళ్లాయన మిరపకాయ కోతలకు భద్రాచలం వైపు పోయాడట. మాకు నీళ్లిచ్చి, తాను అరుగు పక్కన తడినేల తవ్వి ఎర్రలు ఏరింది. వానపాముల్ని మేం ఎర్రలంటాం. వాటిని తడిమట్టితో పాటు కొబ్బరిచిప్పలో వేసి, రెండు వెదురు గాలాలు తీసి ఒకటి నాకిచ్చింది. నాకిచ్చిన కర్ర చివర చీలి ఉంది, దారంతో చుట్టి కట్టారు. ఆమె పట్టుకున్నది నున్నగా, కొత్తగా ఉంది. నాకు పాతది ఎందుకిచ్చిందా అని చెరువు దాకా అదే ఆలోచించాను. గట్టు మీదికి చేరాక తనంతట తానే చెప్పింది. ఆ చీలిన కర్రకే చేపలు బాగా పడతాయట, దాన్ని ఎవరికీ ఇవ్వదట.

చెరువు నేననుకున్న దానికంటే పెద్దది. రెండు గుట్టల మధ్య వాగుకు అడ్డం కట్ట వేశారు. నీళ్లు తగ్గి అంచుల్లో బురద పగుళ్లిచ్చింది. అవతలి ఒడ్డున తామరాకులు ఉన్నాయి. మేం తప్ప మనిషి లేడు.

నర్సు తన సంచీలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో మెరిసే రేకు ముక్కలు, ఒక్కోదానికి మూడేసి ముళ్లు. డబ్బా మూత మీద ఎర్రటి ఒళ్లు, పచ్చటి తల ఉన్న చేప బొమ్మ. నేస్తం ఆ డబ్బా తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది ఏం చేప?"

"కోకనీ అంటరు. దాంతోని ట్రౌట్ అని ఇంకోటి ఉంటది. వీడియోలల్ల చూస్త నేను. పడవల కూసుని పడతరు. ఎనక అంత మంచు కొండలు."

"తింటరా?"

"తింటరు."

"ఏడ ఉంటయ్?"

"మంచు పడే దేశాలల్ల."

"మరి గీ చెరువుల దాని సామానుకేం పని?"

"రేకు నీళ్లల్ల మెరుస్తది. చిన్న చేప అనుకుని మన చేప మోసపోతది."

నేస్తం డబ్బా మూసి తిరిగిచ్చింది. "మన చేపకు ఆకలైతే ఏదైన తింటది," అంది.

ముగ్గురం మద్దిచెట్టు నీడలో వరసగా కూర్చున్నాం. నేను ఎర్రను ముల్లుకు గుచ్చడానికి తంటాలు పడుతుంటే నేస్తం తీసుకుని గుచ్చి ఇచ్చింది. నెమలీక కాడతో చేసిన బెండు నీళ్ల మీద నిలబడింది. నేను దాన్ని చూస్తూ లోపల మాటలు కూడబెట్టుకుంటున్నాను. నేస్తం, నీకొకటి చెప్పాలె. అక్కడి దాకా వచ్చేసరికి బెండు మునిగేది. లాగితే అరచెయ్యంత జిలేబి చేప. దాన్ని విడిపించి బుట్టలో వేసి మళ్లీ కూర్చుని, నేస్తం నీకొకటి అనుకునేసరికి మళ్లీ మునిగేది. అన్ని చేపలు పట్టడం నా జన్మలో అదే మొదలు. నర్సుకు ఒక్కటీ పడలేదు. ఆమె రేకు విసిరి చక్రం తిప్పుతూ, విసిరి తిప్పుతూ, ఆఖరికి చెట్టు కొమ్మకు తగిలించింది. కొమ్మ వంచి దాన్ని విడిపించడానికి ముగ్గురం లేచాం.

మధ్యలో నేస్తం పాత సంగతులు ఎత్తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు అంటుంది అనుకున్నాను. ఆమె అన్నది వేరు.

"నీకు గుర్తున్నదా, పప్పుల పురుగొచ్చిందని నువ్వు రెండు రోజులు తినలేదు. ఏడ్చి ఏడ్చి పడుకున్నవ్."

"నేనా?"

"నువ్వే. నీలం గేటు కాడ కూసుని ఏడ్చినవ్."

"గేటు నీలం కాదు, ఆకుపచ్చ," అంది నర్సు.

"నీలం."

"సచ్ చెప్తున్న, ఆకుపచ్చ. మనమే రంగేసినం పంద్రాగస్టుకు."

వాళ్లిద్దరూ నా వైపు చూశారు. నాకు తుప్పు పట్టిన గేటు గుర్తుంది. రంగేదీ గుర్తు లేదు. పప్పు కోసం ఏడ్చిన సంగతి అసలు లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక నేస్తం గట్టు మీద మూడు రాళ్లు పేర్చి మంట వేసింది. చిన్న పరిగె చేపలు కడిగి, ఇంటి నుంచి తెచ్చిన చింతచిగురు నలిపి, ఉప్పు, పసుపు, దంచిన మిరపకాయ కలిపి అడ్డాకుల్లో పొట్లం కట్టి నిప్పుల్లో పెట్టింది. జావ సొరకాయ బుర్రలో తెచ్చింది. పొట్లం విప్పి నా ముందు పెట్టబోయి ఆగింది.

"నువ్వు తింటవా? మీ ఇంట్ల చేప గడప దాటదు గద."

"బయట తింట," అన్నాను. "నువ్వే గద నేర్పినవ్."

"నేనా?" అంది ఈసారి ఆమె. నర్సు నవ్వింది. పరిగెలు ముల్లుతో సహా నమిలి తిన్నాం. చిగురు పులుపుకు కళ్లు మూతలు పడ్డాయి. ఆమె నాకు రెండోసారి అడగకుండానే పెట్టింది. కోపం ఉన్న మనిషి అలా పెట్టదు అనుకున్నాను. వెంటనే, కోపం ఉన్నా అతిథికి పెట్టక తప్పదు కదా అనుకున్నాను. ఆమె చేసే ప్రతి పనికీ నాకు రెండు అర్థాలు కనబడుతున్నాయి. దేన్నీ నమ్మలేకపోయాను.

తిన్నాక నేస్తం, "కొరమీను కావాలంటే అవతలికి పోవాలె. తామర కింద ఉంటయ్," అంది. ఒడ్డున తాటిదోనె బోర్లించి ఉంది. తాటిమొద్దు నడుమ తొలిచి చేసిన దోనె. వెడల్పు మనిషి కూర్చుంటే రెండు వైపులా మోచేతులు తగిలేంత. ముందు నర్సు, నడుమ నేను, వెనక గెడ పట్టుకుని నేస్తం నిలబడింది. "కదలొద్దు. తిరగొద్దు. తిరిగినవంటే ముగ్గురం నీళ్లల్లనే," అని నాకే చెప్పింది.

చెరువు నడుమకు వచ్చేసరికి గాలి ఆగింది. నాకు ముందు నర్సు వీపు, వెనక గెడ చప్పుడు. నేస్తం ముఖం నాకు కనిపించదు, నా ముఖం ఆమెకు కనిపించదు. ఇప్పుడు కాకపోతే ఇక చెప్పలేను అనిపించింది.

"నేస్తం, నీకొకటి చెప్పాలె."

"చెప్పు."

"హాస్టల్ల ఆ రోజు నువ్వు చేపలకు పోయినవని మేడమ్‌కు చెప్పింది నేనే."

గెడ నీళ్లలోంచి పైకి లేచింది. బొట్లు నా భుజం మీద పడ్డాయి. మళ్లీ దిగింది.

"ఏ రోజు?" అంది.

"పదో తరగతిల. మీ నాయిన వచ్చి నిన్ను తీస్కపోయిండు గద. దానికి ముందు ఆదివారం."

ఆమె ఏమీ అనకముందే ముందు నుంచి నర్సు మాట్లాడింది. ఆమె కూడా వెనక్కి తిరగలేదు. నీళ్లతో చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వెట్ల చెప్తవే దుకాణం? నువ్వు ఆ వారం హాస్టల్లనే లేవు. నీకు పీలియా అయింది. కళ్లు పచ్చగయితే మీ అన్న వచ్చి తీస్కపోయిండు. మేడమ్ అడిగింది నన్ను. చెప్పింది నేను."

"వరండల తల దువ్వుకుంటుంటే అడిగింది. నన్ను."

"తల దువ్వుకుంటున్నది నేను," అంది నర్సు. "నేస్తానికి ఈ సంగతి ఎరికే అనుకున్న ఇన్నేండ్లు. సూదులేయ పోయినప్పుడు గూడ ఆమె ముఖం చూడలేదు సరిగ."

ఆ దువ్వెన నాది. దాని పళ్లు రెండు విరిగి ఉండేవి. మేడమ్ చెప్పుల చప్పుడు, నా మెడ మీద నూనె కారడం, నా నోటి నుంచి ఆ మాట రావడం, అన్నీ నావి. వాటిని ఈమె ఎలా తీసుకుంటుంది? తప్పును కూడా ఒకరు లాక్కుంటే కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మీ ఇద్దరికి ఎండ తగిలిందా ఏంది," అంది వెనక నుంచి నేస్తం. మామూలు గొంతు. "ఎవలు చెప్పలే. నేనే ముందు గేటు నుంచి వచ్చిన. చేతిల రెండు కొరమీన్లు. మేడమ్ వరండల నిలబడ్డది. ఒకటి ఆమెకిచ్చిన. తీస్కున్నది. రాత్రికి వండించుకున్నది."

"మరి మీ నాయిన ఎందుకొచ్చిండు?"

"మా అమ్మకు కాన్పు కష్టమయింది. ఇంట్ల చేసేటోళ్లు లేకుండె. నాలుగు రోజులకు తిరిగి పోతననుకున్న. అమ్మ లేవలే. చెల్లె పసిది. పోలే."

"మేడమ్ కొట్టలేదా నిన్ను?"

గెడ రెండుసార్లు పడింది. "కొట్టిందేమో. ఎన్నోసార్లు కొట్టింది గద. ఏది ఏ రోజో ఎవరికెరుక."

"నువ్వు వెనక్కి చూడకుండ పోయినవ్. నేను గేటు కాడ నిలబడ్డ. నాకు మంచిగ గుర్తున్నది."

"నాయినకు భుజం నొప్పి. పెట్టె నా నెత్తి మీద ఉండె. నెత్తి మీద పెట్టె పెట్టుకుని వెనక్కి ఎట్ల చూస్తరు?" అని, గెడ ఒకసారి దించి, "గేటు కాడ నువ్వే ఉన్నవ్. కాదు, నర్సేమో. ఒక్కరు మాత్రం నిలబడ్డరు," అంది.

నేను వెనక్కి తిరిగాను. ఆమె ముఖం చూడాలి, నిజం చెబుతోందో నా మీద జాలిపడి అంటోందో చూడాలి, ఆ క్షణం అంతకు మించి ఏమీ లేదు. దోనె ఒక పక్కకు ఒరిగింది. చల్లటి నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. ఆమె గెడను అడ్డంగా వేసి కాళ్లు ఎడం చేసి దోనెను నిలబెట్టింది. "కదలొద్దన్న గద," అంది. ఆమె ముఖం చూశాను. ఎండకు కళ్లు చికిలించి, పెదాలు బిగబట్టి, దోనె మునగకుండా చూసుకుంటున్న మనిషి ముఖం. అందులో ఇంకేం చదవలేకపోయాను.

అప్పుడే నర్సు గాలం వంగింది. ఆమె ఎప్పుడు విసిరిందో కూడా మేం చూడలేదు. చక్రం కిర్రుమని తిరిగింది. ఆమె లేవబోతే నేను ఆమె నడుం పట్టుకుని కూర్చోబెట్టాను. దారం తామరల్లోకి పోయింది, మళ్లీ దోనె కిందికి వచ్చింది. "దారం వదులు, లాగకు," అని వెనక నుంచి నేస్తం. "నాకెరికే," అని నర్సు. నేను దోనెలోకి వచ్చిన నీళ్లను దోసిళ్లతో ఎత్తిపోస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి చేప పైకి తేలింది. మోచెయ్యంత కొరమీను, నల్లటి వీపు, పాము తల. ముల్లు దాని పెదవికి ఒక్క చోటే అంటుకుని ఉంది. నేస్తం వంగి బొటనవేలూ చూపుడువేలూ దాని దవడ సందుల్లో గుచ్చి దోనెలో పడేసింది. అది నా పాదాల దగ్గర నీళ్లలో కొట్టుకుంది. ముగ్గురం ఆయాసపడుతూ దాన్నే చూశాం. మునుపటి మాట ఆగిన చోటి నుంచి ఎవరూ ఎత్తుకోలేదు.

ఒడ్డుకు వచ్చాక నర్సు చెరువు అంచున మోకాళ్ల మీద కూర్చుని ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. నేను చీర పిండుకుని ఎండలో నిలబడ్డాను. తప్పు చేశానన్న బాధ పోతే తేలిక కావాలి కదా. కాలేదు. ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న బరువైన సామాను ఎవరో మోసుకుపోతే ఆ ఖాళీ జాగాలో ఏం పెట్టాలో తెలియనట్టు ఉంది. నేను చెప్పలేదా? చెప్పకపోతే నా లోపల ఆ మధ్యాహ్నం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకవేళ నర్సు నాతో ఎప్పుడో చెప్పుకుని ఏడిస్తే విని, దాన్ని నాది చేసుకున్నానా? లేక నేస్తమే మా ఇద్దరినీ ఓదార్చడానికి అప్పటికప్పుడు దోనెలో కథ అల్లిందా?

ఇంటికి నడిచేటప్పుడు నర్సు బుట్ట పట్టుకుని ముందు పోయింది. నేను నేస్తం పక్కన నడిచాను.

"నిజంగ నీకు నా మీద కోపం లేదా?"

"దేనికి?"

"మరి ఇన్నేండ్లు ఎందుకు మాట్లాడలే?"

"ఫోన్ లేకుండె. టవర్ మొన్ననే పెట్టిన్రు," అంది. కొన్ని అడుగులు వేశాక, "నువ్వెందుకు రాలే?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది, ఆ పొద్దున దాకా. ముఖం చెల్లక రాలేదు, అదీ జవాబు. ఇప్పుడు అది చెల్లదు. మధ్యలో తుపాకుల గొడవలతో ఈ ఊళ్లకు ఎవరూ రాలేని ఏళ్లు గడిచాయి, ఆ మాట అనొచ్చు. కానీ దారులు బాగుపడి కూడా కొన్నేళ్లయింది. "తెలీదు నేస్తం," అన్నాను. ఆమె తల ఊపింది. నొచ్చుకుందో లేదో అదీ తెలియలేదు.

"ఈ రోజు ఎందుకు పిలిచినవ్ మరి?"

"చేపలు పడుతున్నయని చెప్పిన గద," అంది.

పొద్దు వాలకముందే బయలుదేరాలి, క్యాంపు దాటాలి. చేపలు మూడు వాటాలు వేసింది. కొరమీను నర్సుది అవుతుందనుకున్నాను, పట్టింది ఆమె. నేస్తం దాన్ని అడ్డాకుల్లో చుట్టి, ఇప్పనారతో కట్టి నా చేతిలో పెట్టింది. నర్సు తన వాటా సంచీలో వేసుకుంది. అది వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారో, దోనెలో తడిసింది నేనే కాబట్టి ఇచ్చారో. వద్దంటే ఏమనుకుంటుందోనని తీసుకున్నాను.

స్కూటీ మీద సగం దూరం వచ్చాక నర్సు అంది. "నేనే చెప్పిన దుకాణం. నువ్వు నా దగ్గరి నుంచి తీస్కోకు." గాలికి సరిగా వినపడనట్టు ఊరుకున్నాను. నేను కూడా ఆమెకు అదే చెప్పాలనుకుంటున్నాను అప్పుడు.

కోంటలో మా అన్న ఇంటి ముందు దిగాను. చేపతో లోపలికి పోలేను. అన్న దుకాణం కట్టేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా చీర బురద, చేతిలో ఆకుల మూట చూసి ముక్కు ఎగబీల్చాడు.

"అన్నా, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నాకు కామెర్లు వచ్చాయా?"

"ముందు ఆ మూట సంగతి చెప్పు."

"వచ్చాయా లేదా?"

ఆయన ఆలోచించాడు. "వచ్చాయి. నేనే హాస్టల్‌కు వచ్చి తోలుకొచ్చిన. సైకిల్ మీద," అన్నాడు. లోపలి నుంచి వదిన, "మీరు తోలుకొచ్చింది చిన్నమ్మాయిని కదండీ, తొమ్మిదిలో," అంది. చిన్నమ్మాయంటే మా చెల్లెలు. అన్న మళ్లీ ఆలోచించి, "అయితే అదే అయ్యుంటది," అన్నాడు. ఇద్దరూ అది ఏ ఏడాదో వాదించుకుంటుంటే నేను బయటికి నడిచి, రోడ్డు మలుపులో టీ హోటల్ నడిపే ఆమెకు చేప ఇచ్చేశాను. ఆమె మూట విప్పి చూసి కొరమీనేనా అంది. అవునన్నాను. ఎవరు పట్టారని అడిగింది. మేం పట్టాం అన్నాను.

జగదల్‌పూర్ చేరిన నాలుగో రోజు నేస్తం ఫోన్ చేసింది. ఇప్పపువ్వు అయిపోవచ్చింది, చెరువు ఇంకా తగ్గింది, వాళ్లాయన వచ్చాడు, అన్నీ చెప్పింది. నేను దుకాణంలో ఒక చేత్తో బేరం చూసుకుంటూ విన్నాను. చివర్లో, "కొరమీను ఎట్లుండె?" అని అడిగింది.

"మంచిగుండె నేస్తం," అన్నాను. "పులుసు పెట్టుకున్న. మా వదిన గూడ తిన్నది."

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. ఒక్క మాట అంటే సరిపోయేది, వదినను కూడా కలిపాను. నేస్తం సంతోషపడింది. "మీ ఇంట్ల చేప వండించిన," అని నవ్వింది. ఆ సంగతి నర్సుకు చెబుతానంది. చెప్పే ఉంటుంది. ఇక వాళ్లిద్దరికీ అది అలాగే ఉంటుంది. కోంటలో మా అన్న ఇంట్లో, ఒక ఆదివారం సాయంత్రం, నేను కొరమీను పులుసు పెట్టుకుని తిన్నాను. ఫోన్ పెట్టేశాక గల్లా దగ్గర నిలబడి ఆ పులుసు రంగు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించాను. కాసేపటికి కనబడింది కూడా.